చెవిలో హోరు, అమ్మ ప్రశ్న

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. వెంటనే రాయలేదని కోప్పడకు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను, రెండుసార్లూ నీకు ధైర్యం చెబుతున్నట్టు వచ్చింది, నువ్వు రాసింది చదివాక ధైర్యం చెప్పడం తప్పనిపించింది. పొద్దు వాలేసరికి అమ్మ గుమ్మం వైపు చూస్తూ "మీ నాన్న ఇంకా రాలేదేంరా" అని అడగడం, నువ్వు "నాన్న పోయి నాలుగేళ్లయిందమ్మా" అనడం, ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నట్టు ఆవిడ కూలబడి ఏడవడం, గంట తిరక్కుండానే మళ్లీ అదే ప్రశ్న. అక్కడిదాకా చదివి కాగితం మడిచి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

చివర్న అడిగావు కదా, "నువ్వీ మధ్య ఇంత నెమ్మదిగా ఎలా ఉంటున్నావురా, ధ్యానం ఏమైనా చేస్తున్నావా" అని. దానికి జవాబు చెప్పాలంటే నా ఎడమ చెవి సంగతి చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మూడేళ్ల కిందట ఒక రాత్రి పడుకోబోతుంటే సన్నగా కీ అని శబ్దం వినిపించింది. టీవీ ఆపలేదేమో అని లేచి చూశాను, ఆపే ఉంది. ఫ్రిజ్ అనుకుని ప్లగ్గు తీశాను. కిటికీ తెరిచి బయట విన్నాను. ఎక్కడికి వెళ్లినా శబ్దం అంతే ఉంది, దగ్గరవడం లేదు, దూరమవడం లేదు. చివరికి చెవిలో వేలు పెట్టుకున్నాను, అప్పుడు ఇంకా గట్టిగా వినిపించింది. చీకట్లో అలా నిలబడి ఉండగా అర్థమైంది, అది బయటి శబ్దం కాదని, నేను ఎక్కడికి పోయినా నాతోనే వస్తుందని.

డాక్టర్ పరీక్షలన్నీ చేసి, వినికిడి కొంచెం తగ్గింది, చెవి నుంచి అందాల్సింది అందకపోతే మెదడు తనే వాల్యూమ్ పెంచుకుంటుంది, ఆ పెంచుకున్నదే ఈ హోరు, దీన్ని పూర్తిగా తీసేసే మందు లేదు, మెల్లగా అలవాటవుతుంది అన్నారు. అలవాటవుతుంది అన్న మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను, ఆ తర్వాత మరొకరి దగ్గరికి. అందరూ అదే చెప్పారు. దాదాపు రెండేళ్లు నేను చేసిన పని ఒక్కటే. పొద్దున మెలకువ రాగానే, కళ్లు తెరవకముందే, ఉందా అని వినేవాణ్ణి. ఉండేది. అప్పుడిక ఆ రోజంతా పోయినట్టే. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ల మాట కన్నా దాన్నే ఎక్కువ వినేవాణ్ణి. పిల్లలు గట్టిగా నవ్వితే విసుక్కునేవాణ్ణి. దేవుడి ముందు కూర్చున్నా ఒకటే మాట, తీసెయ్యి స్వామీ, తీసెయ్యి.

ఒకరోజు ఆ హోరు ఎంత గట్టిగా ఉందో కొలిచారు. హెడ్‌ఫోన్స్ పెట్టి చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తూ, నీ చెవిలో మోగేదానికి ఏది సమానంగా ఉందో చెప్పు అంటారు. నేనేదో రైలు కూతంత ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే, నాకు వినిపించే అతి చిన్న శబ్దం కన్నా కొద్ది డెసిబెల్స్ ఎక్కువ, అంతే. చాలామందికి ఇలాగే ఉంటుందట. హోరు ఎంత పెద్దదో, మనిషి ఎంత నలిగిపోతాడో, ఈ రెంటికీ పెద్దగా లంకె ఉండదట. ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇంత చిన్నదా? మరి నన్ను ఇన్నాళ్లు తిన్నదేమిటి?

తర్వాత దీని గురించి చాలా చదివాను. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అని ఇద్దరు, చెవులు బాగున్న ఎనభైమందిని చప్పుడు చొరబడని గదిలో కాసేపు కూర్చోబెట్టి ఏం వినిపిస్తోందని అడిగారు. 94 శాతం మందికి ఏదో ఒక శబ్దం వినిపించింది, రొద, ఈల, గుంయ్‌మనడం. నాది వాళ్లకన్నా ఎక్కువే కావచ్చు, కానీ అలాంటిది ఇంచుమించు అందరిలో ఉంది, వాళ్లెవరూ దానితో యుద్ధం చెయ్యడం లేదు. ఇంకొకటి కూడా చదివాను, 1987లో డేనియల్ వెగ్నర్ అనే ఆయన చేసింది, తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం అనుకోవద్దు, అనుకుంటే గంట కొట్టండి అని కొంతమందికి చెప్పి అయిదు నిమిషాలు చూశారు. సగటున నిమిషానికి ఒకటి కంటే ఎక్కువసార్లే అది మనసులోకి వచ్చిందట. రావద్దు అని కాపలా కాసేవాడు వచ్చిందా లేదా అని చూస్తూనే ఉండాలి కదరా. నా పొద్దుటి కాపలా అదే.

ఇదంతా తెలిశాక శాంతి వచ్చేసిందనుకోకు. తెలియడం వేరు. ఒక రాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగిపోయింది. రోజూ ఆ ఫ్యాన్ చప్పుడు చాటున దాక్కుని నిద్రపోయేవాణ్ణి, ఇప్పుడు చాటు లేదు. గదంతా ఆ కీ అనే శబ్దమే. చెవి మూసుకుంటే పెరుగుతుందని ముందే తెలుసు. లేవడానికి కూడా ఓపిక లేక అలాగే పడుకుని, ఎవరితోనో అన్నట్టు, సరే, ఉండు అన్నాను. అది పోలేదు. కానీ బిగుసుకున్న దవడ వదులైంది. భుజాలు పరుపుకి ఆనాయి, అంతవరకు అవి గాల్లో ఉన్నాయని కూడా నాకు తెలియదు. కరెంటు ఎప్పుడొచ్చిందో తెలియదు, నిద్రపట్టేసింది.

మర్నాడు రాత్రి అదే మాట మళ్లీ అన్నాను. పనిచెయ్యలేదు. ఆ తర్వాత మూడు వారాలు రోజూ సరే, ఉండు అంటూనే ఉన్నాను, అంటూ ఒక చెవి వేసి వింటూనే ఉన్నాను, తగ్గిందా అని. అసలు విషయం ఇక్కడుంది, ఇది నీకు సరిగ్గా చెప్పగలిగితే చాలు నాకు. నేను ఒప్పుకోవడం లేదు, బేరమాడుతున్నాను. నేను ఒప్పుకుంటాను, బదులుగా నువ్వు పో. మొదటి రాత్రి ఏ బేరమూ లేదు, ఆడే శక్తి లేదు కాబట్టి. శాంతి కోసం ఒప్పుకుంటే అది ఒప్పుకోవడం అవదురా, శాంతి రాని రోజున మళ్లీ కోపం వస్తుంది. శాంతి వచ్చినా రాకపోయినా ఇది ఉంది, ఇప్పుడు ఉంది, అని అనుకోగలిగిన రోజున మాత్రం లోపల ఏదో సద్దుమణుగుతుంది. దేవుడి ముందు కూర్చున్నప్పుడు తీసెయ్యమని అడగడం కూడా దానంతటదే ఆగిపోయింది. ఇప్పుడు ఊరికే కూర్చుంటాను, ఏమీ అడగకుండా. నా జీవితంలో నేను ప్రార్థన అనదగ్గది చేస్తున్నది ఇప్పుడే అనిపిస్తుంది.

మన చిన్నప్పుడు తితిక్ష అనే మాట విన్నాం, ఓర్పు అని అర్థం చెప్పి వదిలేసేవాళ్లు. వివేకచూడామణిలో దానికి ఇచ్చిన నిర్వచనంలో ఒక ముక్క ఉంది, చింతావిలాపరహితం అని. బాధను చింతా విలాపమూ లేకుండా సహించడం. అంటే పళ్లు బిగించి భరించడం ఓర్పు కాదన్నమాట, లోపల రాగం తీస్తూ పైకి నోరు మూసుకుంటే లెక్కలోకి రాదు. నాకు ఈ ఒక్క ముక్క ఎన్నో ప్రవచనాల కన్నా ఎక్కువ పనికొచ్చింది. ఆ శ్లోకంలోనే ప్రతీకారం, అంటే విరుగుడు, చెయ్యకుండా అని కూడా ఉంది, దాంతో నాకు పేచీ ఉండేది, మందు వేసుకోకూడదా ఏమిటి అని. గీత తీసి చూస్తే కొంత తేరుకున్నాను. రెండో అధ్యాయం 14వ శ్లోకంలో చలీ వేడీ సుఖమూ దుఃఖమూ వచ్చిపోయేవి, ఓర్చుకో అంటాడు కృష్ణుడు. నాలుగు శ్లోకాలు దాటగానే 18లో, కాబట్టి యుద్ధం చెయ్యి అంటాడు. ఓర్చుకోమన్న నోటితోనే లేచి పని చెయ్యమంటున్నాడు. నేను ఇప్పటికీ గట్టి చప్పుళ్ల దగ్గర చెవులకి రక్షణ పెట్టుకుంటాను, ఏడాదికోసారి పరీక్షకి వెళతాను. చెయ్యగలిగింది చేస్తాను. ఉన్నదానితో పోట్లాడటానికి ఖర్చయ్యే ఓపిక ఇప్పుడు మిగులుతుంది కాబట్టి ఇదివరకటి కన్నా బాగా చేస్తాను.

ఇంకో మాట. ఎవరైనా నీతో "అంతా తలరాత, ఏం చేస్తాం" అంటే పట్టించుకోకు. తన కష్టం గురించి మనిషి తను ఏమైనా అనుకోవచ్చు, ఎదుటివాడి కష్టాన్ని తలరాత అని తేల్చేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. నేనూ నీకు ఆ మాట చెప్పడం లేదు.

ఇక అమ్మ సంగతి. తప్పయితే తిట్టు.

నువ్వు నిజం చెబుతున్నావు. కానీ ఆవిడ దగ్గర ఆ నిజం నిలవదు, దాని వల్ల వచ్చిన దుఃఖం మాత్రం నిలుస్తుంది. 2014లో ఆల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు విషాదంగా ఉండే సినిమా ముక్కలు చూపించి చూశారు. కాసేపటికే వాళ్లకి చూసిందేమిటో గుర్తులేదు, బాధ మాత్రం ఇంకా ఉంది. అందుకని అమ్మ అడిగినప్పుడు "నాన్న గుర్తొచ్చారా అమ్మా" అని అడిగి చూడరా. ఆయన సైకిల్ తుడుచుకోవడం, నీకు లెక్కలు చెబుతూ మధ్యలో నిద్రపోవడం, అవన్నీ మాట్లాడించు. అబద్ధం చెప్పమనడం లేదు. ఆవిడ అడిగేది ఆయన ఎక్కడున్నారని కాకపోవచ్చు, నాకు ఆయన మీద బెంగగా ఉందని కావచ్చు.

దీనికన్నా కష్టమైనది ఇంకొకటుంది, రాయడానికి చెయ్యి ఆడటం లేదు. నువ్వు ప్రతి సాయంత్రం "నాన్న పోయారమ్మా" అన్నప్పుడు, అవును కదూ, మర్చిపోయాను అనే పాత అమ్మ కోసం చూస్తున్నావేమో. నేను పొద్దున లేవగానే ఉందా అని విన్నట్టు, నువ్వు సాయంత్రం అయ్యేసరికి వచ్చిందా అని చూస్తున్నావు. నాకలా అనిపించింది. ఆ అమ్మ రాదురా. ఈ అమ్మ ఉంది. ఇది ఒప్పుకోవడానికి ఏడుపొస్తే ఏడువు, నాన్నగారు పోయినప్పుడు అమ్మను పట్టుకునే పనిలో పడి నువ్వు ఏడవనేలేదు, నేను పక్కనే ఉండి చూశాను. ఏడుపు వచ్చిందంటే నువ్వు ఒప్పుకోలేదని కాదు, నాకు తెలిసినంతలో ఒప్పుకోవడం చాలాసార్లు అలాగే మొదలవుతుంది. ఒకరోజు కుదురుతుంది, మర్నాడు మళ్లీ విసుక్కుంటావు. నాకూ అంతే, పోయిన వారమే రెండు రాత్రులు పాత పద్ధతిలోనే గడిచాయి.

శనివారం మధ్యాహ్నానికి వస్తున్నాను, నాలుగు రోజులుంటాను. అమ్మ గుమ్మం వైపు చూసే వేళకి ఆవిడ పక్కన నేను కూర్చుంటాను, నువ్వు అలా బయట నడిచిరా, లేదా పడుకో, నిద్రపోయి ఎన్నాళ్లయిందో. నన్ను గుర్తుపట్టకపోయినా ఏం ఫర్వాలేదు, నాన్నగారి కబుర్లు నా దగ్గర కూడా చాలా ఉన్నాయి. నా కోసం వేరే గది సర్దకు, నీ గదిలోనే కింద పడుకుంటాను. రాత్రి ఫ్యాన్ మాత్రం ఆపకు.

నీ
నేను