మా ఫీడరు గురించి సభలో ఒక్కసారి అడగండి: ఉద్దానం నుంచి మా శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభ్యుల వారికి,

నమస్కారాలు. నేను ఉద్దానంలో నాలుగెకరాల కొబ్బరి, జీడి తోట మీద బతుకుతున్న రైతును. కరెంటు విషయమై మీకు ఇదివరకు మూడు అర్జీలు పెట్టాను. రెండింటిని మీ మనుషుల చేతికే ఇచ్చాను. మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాను. కొన్నాళ్ళకు ఫిర్యాదు పరిష్కారమైందని నా ఫోనుకు సందేశం వచ్చింది. అది వచ్చిన సాయంత్రం కూడా మా ఫీడరులో, అంటే సబ్‌స్టేషన్ నుంచి మా ఊళ్ళకు కరెంటు తెచ్చే లైనులో, సరఫరా లేదు. ఎవరు వచ్చి చూశారో, ఏం పరిష్కరించారో ఇప్పటికీ నాకు తెలియలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాయవలసి వచ్చింది. మిమ్మల్ని నొప్పించాలని కాదు. నాకు వేరే దారి తోచలేదు.

ఎన్నికల ముందు మీరు మా ఊరి రామమందిరం అరుగు మీద కూర్చుని, ఉత్తరాంధ్రకు కావలసిన కరెంటు, కొలువులు, వైద్యం గురించి శాసనసభలో గట్టిగా అడుగుతానని మాట ఇచ్చారు. మీరు వాటిని మూడు విషయాలుగా చెప్పారు. మా ఇంట్లో మాత్రం ఆ మూడూ ఒకే తీగకు వేలాడుతున్నాయి.

మా ఊరికి వచ్చే 11 కేవీ లైను కొబ్బరితోటల మధ్య నుంచి వస్తుంది. తీగలకు తొడుగు లేదు. ఎండిన మట్ట ఒకటి గాలికి ఊడి రెండు తీగల మీద పడితే చాలు, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడిపోయి అన్ని ఊళ్ళూ ఒకేసారి చీకటవుతాయి. పగలైతే లైన్‌మేన్ బండి మీద తోటల వెంట తిరిగి, మట్ట ఎక్కడ పడిందో వెతికి, లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనిచేసుకునే అనుమతి, తీసుకుని దాన్ని తొలగించాక సరఫరా వస్తుంది. రాత్రయితే, అందులోనూ వాన పడుతుంటే, వెతకడం కుదరదు. నాలుగు పంచాయతీలకు అతనొక్కడే. పోయినసారి గాలివానకు మూడు రాత్రులు నిద్ర లేకుండా తిరిగిన మనిషిని నేను కళ్ళారా చూశాను కాబట్టి అతణ్ణి తప్పు పట్టను. ఉన్నప్పుడైనా కరెంటు సరిగా ఉంటుందా అంటే, ఫీడరు చివరన ఉన్న ఊరు కావడం వల్ల సాయంత్రం అందరూ దీపాలు, ఫ్యాన్లు వేసేసరికి వోల్టేజీ పడిపోతుంది. మోటారు మూలుగుతుంది గానీ తిరగదు, తిరగని మోటారు కాలిపోతుంది. ఒక్క వేసవిలో నా మోటారుకు రెండుసార్లు వైండింగు కట్టించాను.

ఇది తోటతో పోయే కష్టమైతే ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్తాం, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటల్లో ఒక్క రోగికే దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలని అక్కడి నర్సమ్మ చెప్పింది. కరెంటు లేకపోతే ఆ నీరు తయారు కాదు. మధ్యలో కరెంటు పోతే మిషన్‌లోని బ్యాటరీ కొద్దిసేపు రక్తం తిప్పుతుంది, అంతే. ఈలోగా జనరేటరు అందుకోకపోతే గొట్టాల్లో ఉన్న రక్తం గడ్డకట్టకముందే పిడి పట్టుకుని చేత్తో తిప్పి ఒంట్లోకి పంపాలి. పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి అలాగే జరిగింది. జనరేటరు మొరాయించింది. ఒకేసారి నలుగురు రోగుల మిషన్లు ఆగిపోతే ఇద్దరు సిబ్బంది ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పరుగెత్తారు. మా తమ్ముడి దగ్గర ఫోను లైటు పట్టుకుని నిలబడింది నేనే. వాడు "అన్నయ్యా, ఏటైనాదిరా" అని అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. మిగిలిన గంటన్నర డయాలసిస్ ఆ రోజు జరగనేలేదు. మర్నాటికి కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరాడక, తెల్లారేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ప్రభుత్వం మా కోసం ఏమీ చేయలేదని నేను అనడం లేదు. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు, అన్నీ 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. వాటికి కృతజ్ఞులం. కానీ ఆ నీరు ట్యాంకు ఎక్కాలన్నా కరెంటే కావాలి కదా. సరఫరా లేని రోజు మా ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మళ్ళీ పాత బోరు దగ్గరికే వెళ్తున్నారు. ఉద్దానంలో ఎందరికో వస్తున్న ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. నీళ్ళ మీద అనుమానం ఉన్నందుకే కదా అంత దూరం నుంచి గొట్టాలు వేశారు! ఆ అనుమానపు నీళ్ళే మా పిల్లలు మళ్ళీ తాగుతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాం. కరెంటు పోయిన కొన్ని గంటలకు సెల్ టవరు బ్యాటరీ కూడా అయిపోతుంది. అప్పుడు 108కి ఫోను చేయడానికి కూడా దారి ఉండదు.

ఇక కొలువుల మాట. మా చిన్నవాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. ఇక్కడ పని దొరక్క మూడేళ్ళుగా గుజరాత్‌లో టవర్ల మీదికెక్కి లైన్లు లాగుతున్నాడు. మా ఊరి స్తంభం ఎక్కడానికి మనిషి లేడు. స్తంభం ఎక్కడం నేర్చిన మా కుర్రాడు పరాయి రాష్ట్రంలో ఉన్నాడు. వాళ్ళ అమ్మ రోజూ ఫోనులో ముందు అడిగేది, "నాన్నా, బెల్టు కట్టుకున్నావా?" అని. మా పెద్ద కోడలు జీడిపప్పు కార్ఖానాలో పనిచేస్తుంది. కరెంటు లేని పూట మిషను ఆగితే కూలీ కూడా ఆగుతుంది. తీరం ఊళ్ళ వాళ్ళు కొందరు చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి, 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. విజయనగరం వైపు ఉక్కు తయారీలో వాడే మిశ్రమ లోహాలు చేసే ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలున్నాయి. వాటి ఖర్చులో పెద్ద భాగం కరెంటు బిల్లే కాబట్టి, ఛార్జీ పెరిగిన ప్రతిసారీ అక్కడి కార్మికుల గుండెల్లో రాయి పడుతుంది. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అందులో మా పిల్లలకు ఎన్ని ఉద్యోగాలో, ఏ శిక్షణ పొందితే వస్తాయో ఇప్పటివరకు మా ఊరికి వచ్చి చెప్పినవాళ్ళు లేరు.

అయ్యా, ఈ దేశానికి కరెంటు కావాలనుకున్నప్పుడల్లా మా జిల్లా గుర్తుకొచ్చింది. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెడతామన్నారు. 2010 జులై 14న వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కాకరాపల్లిలోనూ 2,640 మెగావాట్లే అన్నారు. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు జరిగాయి. కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు పెడతామని, ఊళ్ళు ఖాళీ చేయాలని ఏళ్ళుగా చెబుతున్నారు. బీలను నిలబెట్టుకున్నందుకు నేను ఈనాటికీ సంతోషిస్తాను. ఆ చర్చ ఇప్పుడు తిరగదోడను. వేల మెగావాట్ల లెక్కలు వేసేటప్పుడు కనిపించిన మా ఊళ్ళు, ఆసుపత్రికి రెండో లైను అడిగినప్పుడు ఎందుకు కనిపించడం లేదని మాత్రం అడుగుతున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీరూ ఈ నేల మీదే ఉన్నారు. నా తోటలో నూట పది చెట్లకు మిగిలినవి పద్నాలుగు. స్తంభాలన్నీ నేలకొరిగి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అప్పుడు వచ్చిన ప్రతి నాయకుడూ ఇకమీదట తుపానుకు తట్టుకునే లైన్లు వేస్తామన్నాడు. తర్వాత వేసినవి మళ్ళీ అవే స్తంభాలు, అవే తొడుగు లేని తీగలు, అదే తోటల దారి. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ నగరంలో ప్రపంచ బ్యాంకు సాయంతో భూమిలో కేబుళ్ళు వేశారు. విశాఖకు వేసినందుకు మాకేమీ బాధ లేదు. ఊరూరా భూమిలో వేయమని కూడా అడగడం లేదు. డయాలసిస్ కేంద్రాలకు, తాగునీటి పంపులకు వెళ్ళే లైన్లకైనా తొడుగు తీగలు వేయండి. ఒక లైను పోతే ఇంకో వైపు నుంచి సరఫరా వచ్చే ఏర్పాటు చేయండి. ఫీడరు చివరి ఊళ్ళకు ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం పెంచండి. లైన్‌మేన్ ఖాళీలు నింపండి, వాటిలో మా పిల్లలకు అవకాశం ఇప్పించండి. వినియోగదారుల హక్కులంటూ 2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఇరవై నాలుగు గంటల సరఫరా గురించి చెబుతున్నాయి. అవి మాకు వర్తిస్తాయా లేదా అనే ఒక్క ప్రశ్నయినా సభలో వేయండి.

రాబోయే సమావేశాల్లో మీకు ఐదు నిమిషాలే దొరకవచ్చు. ఉత్తరాంధ్ర వెనకబాటు అన్న పెద్ద మాటతో ఆ ఐదు నిమిషాలూ గడిచిపోనివ్వకండి, దండం పెడతాను. మా ఫీడరు పేరు చెప్పండి. ఏడాదిలో ఎన్ని గంటలు సరఫరా ఆగిందో లెక్క సభ ముందు పెట్టమని మంత్రిగారిని అడగండి. ఏ తేదీకి పని మొదలవుతుందో చెప్పించండి. అంతకన్నా ముందు, వీలైతే ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా డయాలసిస్ వార్డుకు రండి. మా తమ్ముడి వంతు సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరు గంటలకు మొదలవుతుంది. నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ నియోజకవర్గపు ఓటరు, కొబ్బరి రైతు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా.