ఫోన్ చదవలేని తెలుగు పాఠాలు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. చూపు బాగా తక్కువ. ఈ ఏడాది వాళ్ల క్లాసులో గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్ బిగించారు. ముందు బెంచీలో కూర్చున్నా తనకి అందులో కనిపించేది కాస్త వెలుగు, ఏవో రంగులు. "అందరూ అబ్బా అంటే నేనూ అబ్బా అంటున్నానమ్మా" అంది ఒకరోజు.

పోనీ, పాఠం ఇంట్లో వింటుందిలే అనుకున్నాం. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించడానికి ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంది, కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. రెండూ ఉచితమే, తెలుగూ చదువుతాయి. వార్తల వెబ్‌సైట్లు తెరిస్తే సంపాదకీయం దాకా గడగడా చదివేస్తుంది ఫోను. తెలుగు పాఠం పిడిఎఫ్ తెరిస్తే మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు చదవడం మొదలుపెట్టింది. ఫోన్ పాడైందని రిపేరు షాపుకి కూడా తీసుకెళ్లాను. (ఆ అబ్బాయి డబ్బులు తీసుకోలేదు, పాపం.)

లోపం ఫాంటులో ఉందని తర్వాత తెలిసింది. ప్రతి భాష అక్షరాన్నీ ఏ ఫోనైనా, కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టేలా చేసే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా మన డీటీపీలో పాత ఫాంట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటిలో కంటికి కనిపించేది 'క', ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లిష్ అక్షరం. అచ్చు వేస్తే ఏ తేడా తెలియదు. వినాల్సిన పిల్లకే తెలుస్తుంది. స్కాన్ చేసి పెట్టిన పేజీలైతే ఒట్టి ఫొటోలు, చాలాసార్లు ఏమీ పలకదు.

చివరికి వాళ్ల టీచరమ్మే ఒక దారి చూపించారు. పాఠం మొత్తం వాయిస్ టైపింగ్‌లో చెప్పి, తప్పులు దిద్ది, వాట్సాప్‌లో పంపారు. మా అమ్మాయి ఆ రాత్రి మూడుసార్లు వింది. కానీ ఆవిడొక్కరే ఎన్నని చెప్తారు?

వినికిడి లోపమున్న పిల్లలదీ ఇలాంటి కథే. టీచర్ మాటల్ని అప్పటికప్పుడు తెలుగు అక్షరాల్లో చూపించే యాప్‌లు ఉచితంగా ఉన్నాయి. బడికి ఫోన్ తేకూడదన్న రూలు వాటిని గేటు దగ్గరే ఆపేస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలి. చదువుకోవడానికి వీల్లేని ఫైలును పుస్తకం కింద లెక్కేస్తే ఎలా?

అధికారులను నేను అడిగేది ఇంతే. ఏ పాఠ్యపుస్తకమైనా అచ్చుకు పంపేటప్పుడే యూనికోడ్ ప్రతి కూడా అందరికీ అందేలా పెట్టాలి. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిలో వత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి కాబట్టి తెలుగు బాగా వచ్చిన మనిషి ఒకసారి ప్రూఫ్ చూడాలి. "పటం చూడండి" అని రాసిన ప్రతిచోటా ఆ పటంలో ఏముందో రెండు వాక్యాలు కలపాలి. చూపులేని వాళ్ల కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయ ఉండనే ఉంది. కొత్త పుస్తకం బడికి చేరిన రోజే అక్కడికీ చేరాలి.

పరీక్షలు దగ్గరపడ్డాయి. సాంఘికంలో ఇంకా ఆరు పాఠాలున్నాయి. రాత్రి అన్నాలయ్యాక నేనే చదివి వినిపిస్తున్నాను.

– ఒక తల్లి, రామంతపూర్, హైదరాబాద్