వలిసె పూతకు తేనెపెట్టెలు: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కొరాపుట్, రాయగడ కొండవాలుల్లో నూనెగింజ పంట వలిసెలు ఆగస్టులో, వాన ఆలస్యమైతే సెప్టెంబరులో చల్లుతాం. అక్టోబరు చివరి నుంచి పూత. ఈ పంటకు మీ శాఖ తేనెపెట్టెలు పంచేటప్పుడు, ఎన్ని పంచారన్నదానికన్నా ఏ వారంలో దించారు, లోపల ఏముంది అన్నవే ముఖ్యం. పంపిణీ ఖరారు చేసేముందు ఆ రెండూ చూడండి.

వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టదు, వేరే మొక్కది రావాలి. ఒక్క పువ్వులా కనబడే దిమ్మలో నలభై పైచిలుకు చిన్న పూలుంటాయి. అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని చొప్పున వారం దాకా విచ్చుకుంటాయి. తేనెటీగ వాలనివి తాలు. 2025-26కి మద్దతు ధర క్వింటాకు 9,537 రూపాయలు. తాలుకు తూకమెక్కడిది?

పొద్దున మంచు ఆరాక ఈగలు ఎక్కువగా పుప్పొడికి, ఎండెక్కేకొద్దీ మకరందానికి వస్తాయి. తేనెతో తడిపి వెనకకాళ్లకు ముద్దకట్టిన పుప్పొడి పంటకు పెద్దగా అక్కరకు రాదు. ఒంటి నూగుకు పొడిగా అంటుకున్నదే పక్క మొక్కకు చేరుతుంది. కనుక మకరందానికి వచ్చిన ఈగ కూడా పంటకు పని చేసినట్టే. పువ్వులో మకరందం తక్కువైతే అది అక్కడ నిలవదు, ఇంకో మొక్క మీదికి పోతుంది. మనకు కావలసింది అదే! ఈగలు ఎక్కువుంటే ఒక్కో పువ్వులో మకరందం తగ్గుతుంది. ఎకరాకు రెండు పట్టులు (ఒక్కో రాణితో ఉండే ఈగల గుంపులు) అడిగేది ఇందుకే.

వందకు పది మొక్కలు పూసినప్పుడు పెట్టెలు దించాలి. ముందే దించితే ఈగలు చుట్టుపక్కల వేరే పూతకు మరుగుతాయి, అది అయ్యేదాకా దాన్ని వదలవు. పూత సగం దాటాక తెస్తే అప్పటికి రాలిన పూల గింజ పోయినట్టే.

పిల్లపురుగులు లేని పట్టు పుప్పొడి పెద్దగా తేదు, ఆ తిండి వాటికే కాబట్టి. గుడ్లు పెట్టే రాణి, ఈగలు కప్పిన ఐదారు చట్రాలు, వాటిలో కనీసం మూడు చట్రాల్లో గుడ్లు, పిల్లలు ఉండాలని టెండరులోనే రాయించండి. ఖాళీ పెట్టెను లెక్కలో వేయొద్దు. ఇటాలియన్ ఈగ తేనె ఎక్కువిస్తుంది, నిజమే. కానీ మా చలి పొద్దుల్లో మన నాటు పుట్ట తేనెటీగ ముందుగా బయల్దేరుతుంది, దగ్గరి మళ్లలోనే తిరుగుతుంది. మావి చెదురుమదురు చిన్న మళ్లు కనుక అదే సరిపోతుంది. అన్నీ ఒక మూలన కాక నాలుగైదు చొప్పున వేర్వేరు గట్ల మీద పెట్టాలి. పట్టులు ఈ జిల్లాల పెంపకందార్ల దగ్గరే కొనండి. 1990లలో దక్షిణాదిన పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టిన థాయ్ శాక్‌బ్రూడ్ తెగులు కొత్త పట్టులతో వచ్చే ప్రమాదముంది.

ఈగలన్నీ గూటికి చేరాక రాత్రిపూటే, గుమ్మానికి జాలీ బిగించి తరలించాలి. పంచాయతీ ఆఫీసు ముందు వారం ఉంచి, అరకిలోమీటరు దూరంలోని పొలానికి మోస్తే మేతకెళ్లిన ఈగలు పాత చోటుకే తిరిగొచ్చి గూడు దొరక్క చస్తాయి. లారీ తిన్నగా పొలం గట్టుకే రావాలి, అదీ మూడు కిలోమీటర్ల పైదూరం నుంచి.

పూతలో ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ పురుగుమందులు వద్దు. గొంగళిపురుగును మొగ్గకు ముందే చూసుకోవాలి. తప్పనిసరైతే వేపమందు, అదీ పొద్దుగూకాక. పెట్టెలున్నవారికి రెండు రోజుల ముందు చెప్పాలి. కొండతేనె పట్టులను రాత్రి కాగడాలతో కాల్చడం కనీసం పూత నెలల్లోనైనా ఆపించండి. ఆ ఈగలు పైసా ఖర్చు లేకుండా మాకు పనిచేసి పెడుతున్నాయి.

సెమిలిగుడ పరిశోధన కేంద్రం ద్వారా ప్రతి బ్లాకులో ఒక మడి ఎంచి, ఇరవై మొక్కల మొగ్గలకు ఈగ దూరని సన్నటి వలసంచులు కట్టించండి. కోతనాడు సంచిలోని దిమ్మల్లో, బయటివాటిలో నిండుగింజలు, తాలు వేరుగా లెక్కపెట్టించి ఆ లెక్కను గ్రామసభలో చదివించండి. వచ్చే ఏడు ఏ ఊరికి ఎన్ని పట్టులన్నది దాన్నిబట్టి తేల్చవచ్చు.

ఇట్లు,
కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు వలిసె రైతులు, తేనెటీగల పెంపకందారులు