కోట గండి దగ్గర పడిపోయినవారి పేర్లు కూడా రాయించండి, మంత్రి గారూ

బెంగళూరు నగర వారసత్వ కట్టడాల బాధ్యత చూస్తున్న గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. కృష్ణరాజ మార్కెట్ పక్కనున్న కోట గురించి మేమిచ్చిన అర్జీలు ఇప్పుడు ఏ బల్ల మీద ఉన్నాయో మాకు తెలియదు. రసీదులు మాత్రం మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఫోను చేసిన ప్రతిసారీ పరిశీలనలో ఉందన్న సమాధానమే వస్తోంది. ఒకరు ఇది తమ శాఖ పని కాదంటారు. వారు చూపిన శాఖకు వెళితే, మళ్లీ మొదటివారి దగ్గరికే వెళ్లమంటారు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పథకం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. కర్ణాటక అవతరణ దినమైన రాజ్యోత్సవం నాటికి, కోటలో మిగిలిన ద్వారమైన ఢిల్లీ దర్వాజా ముందు కోట చరిత్ర చెప్పే బోర్డు పెడతామని, కూల్చేసిన కోటగోడ ఎటు నుంచి ఎటు పోయిందో రోడ్డు మీద రాతి గుర్తులతో చూపిస్తామని నిండు సభలో మాట ఇచ్చింది మీ అధికారులే. ఆ రోజు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. ఆ రాజ్యోత్సవం వెళ్లిపోయింది, ఆ తర్వాతదీ వెళ్లిపోయింది. బోర్డూ లేదు, గుర్తులూ లేవు.

అయ్యా, రక్షిత కట్టడమనే హెచ్చరిక బోర్డును పక్కన పెడితే, ఇక్కడ జరిగిన యుద్ధం గురించి దారిన పోయేవారికి చెప్పేది ఒక్క చలువరాయి పలకే. 1791 మార్చి 21న బ్రిటిష్ సేన కోటగోడకు పడిన ఈ గండి గుండానే దాడి చేసిందని దాని మీద ఇంగ్లీషులో ఉంది. ఎవరి మీద దాడి చేసింది? లోపల ఉండి ఎదిరించినవారెవరు? ఎందరు పోయారు? ఆ పలక చెప్పదు. టిప్పు సుల్తాను తరఫున కోటను కాచిన కిల్లేదారు బహదూర్ ఖాన్ ఆ రాత్రి పోరాడుతూ నేలకొరిగాడు. అతని ధైర్యాన్ని శత్రువుల వైపు చరిత్రకారులే మెచ్చుకుని రాసుకున్నారు. స్వతంత్రం వచ్చి ఇన్నేళ్లయినా గెలిచినవాడి రాత పక్కన మన రాత ఒక్కటి లేకపోవడం నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆ పలకను తీసేయమని నేను అడగడం లేదు. అదీ చరిత్రే, ఉండాలి. దాని పక్కన రెండో రాయి పెట్టమంటున్నాను.

మా కుటుంబం పలమనేరు నుంచి వచ్చి చిక్కపేటలో బట్టల కొట్టు పెట్టుకుంది. ఆ బ్రిటిష్ సేనను నడిపించిన కారన్‌వాలిస్ వచ్చింది కూడా ఆ దారినే. 1791 ఫిబ్రవరిలో టిప్పు వేరే కనుమల మీద కన్నేసి ఉండగా, అతడు వేలూరు నుంచి మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. అక్కడి నుంచి కోలారు, హోస్కోటె మీదుగా మార్చి మొదటి వారంలో బెంగళూరు ముందు దిగాడు. 7వ తేదీన కోటను ఆనుకున్న వ్యాపార పేట వారి చేతికి చిక్కింది. ఆ పోరులో బ్రిటిష్ వారి ఫిరంగి దళాధికారి కర్నల్ మూర్‌హౌస్ చనిపోయాడు. రెండు వారాల తర్వాత కోట పడింది. ఈ రోజు చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చేవారంతా ఆ సైన్యం నడిచిన నేల మీదుగానే వస్తున్నారు. ఆ సంగతి వారికి చెప్పే బోర్డు దారి పొడవునా ఎక్కడా నా కంట పడలేదు.

ఈ ఊరు ఎందుకంత ముఖ్యమో ఆ తర్వాతి నెలలే చెబుతాయి. 1791 మేలో కారన్‌వాలిస్ టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పొలిమేరల దాకా వెళ్లి అరకెరె దగ్గర గెలిచి కూడా వెనక్కి తిరగవలసి వచ్చింది. ఎద్దులు చచ్చిపోయాయి, తిండిగింజలు అయిపోయాయి, పెద్ద ఫిరంగులను తన చేతులతోనే ధ్వంసం చేసుకున్నాడు. అలా వెనక్కి తగ్గినవాడికి తలదాచుకోవడానికి బెంగళూరు ఉంది. ఇక్కడే సరుకు, పశువులు, ఫిరంగులు కూడగట్టుకుని 1792 ఫిబ్రవరిలో మళ్లీ శ్రీరంగపట్నం మీదికి వెళ్లాడు. టిప్పు సగం రాజ్యం పోగొట్టుకుని సంధి చేసుకున్నాడు. ఈ కోట చేతిలో లేకపోతే ఆ రెండో ప్రయాణం జరిగేదే కాదని నా గట్టి నమ్మకం.

అంతకు ముందు సంగతి చూడండి. బేగూరు శాసనంలో, సుమారు 890 నాటి రాతలో, బెంగళూరు పేరు కనిపించేదే ఒక యుద్ధం సందర్భంలో. 1537లో ఇక్కడి ప్రభువు కెంపేగౌడ మట్టికోట కట్టి పేటలు వేశాడు. 1638లో రణదుల్లా ఖాన్ నడిపించిన బీజాపూరు సేన గెలిస్తే ఊరు శివాజీ తండ్రి షాహాజీ జాగీరయింది. 1687లో మొఘలులు పట్టుకున్నారు. వారి నుంచి 3 లక్షల రూపాయలకు మైసూరు రాజు చిక్కదేవరాజ ఒడెయరు చేతికి వచ్చింది. 1758లో హైదర్ అలీకి జాగీరుగా దక్కింది, 1761లో అతడు కోటను రాతితో తిరిగి కట్టించాడు. ఇన్ని జెండాలు మారినా అక్కిపేటలో బియ్యం, బళేపేటలో గాజులు, అరళేపేటలో దూది అమ్మడం ఆగలేదు. యుద్ధాలతో పాటు బోర్డు మీద ఈ బేరాలూ ఉండాలి. ఆ కెంపేగౌడ పేరిటే తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం ఉంది. కన్నడ నేల ప్రభువు తెలుగులో పాట కట్టిన ఊరు ఇది. మా పేట పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఆదివారాలు కొందరు కుర్రాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి చూపిస్తుంటాను. దర్వాజా లోపల చిన్న వినాయకుడి గుడి ఉంది. రాతి మీద చెక్కిన జంతువుల బొమ్మలను పిల్లలు చేత్తో తడుముతారు. బయట బస్సుల హారన్లు, చామంతి మూటలు మోసుకుపోయే హమాలీల కేకలు. వాటి మధ్య గొంతు చించుకుని కారన్‌వాలిస్ ఎటు నుంచి వచ్చాడో చెప్పాలి. గోడ ఇక్కడి నుంచి ఎంత దూరం పోయేదని పిల్లలు అడుగుతారు. చూపించడానికి ఏముంది? మైసూరు దర్వాజా కూల్చేశారు. 1900లో తెరిచిన విక్టోరియా ఆసుపత్రి, ఆ తర్వాత వైద్య కళాశాల, బస్టాండు అన్నీ కోట నేల మీదా దాని చుట్టూ వచ్చినవే. వాటిని తప్పుపట్టను, ఊరికి అవి అవసరం. గోడ నడిచిన దారిలో రోడ్డు మీద రాళ్లు పరిస్తే చాలు, పిల్లలు వాటి మీద నడుచుకుంటూ పోయి కోట ఎంత పెద్దదో తెలుసుకుంటారు. 2012లో మెట్రో కోసం తవ్వుతుంటే ఇక్కడే ఫిరంగులు బయటపడ్డాయి. ఆ నేల అడుగున ఇంకా ఏముందో!

బోర్డు భాష గురించి గొడవ వస్తుందని మీ కార్యాలయంలో ఒకరు అన్నారు. గొడవ ఎందుకు? మొదట కన్నడం, పెద్ద అక్షరాలతో. ఈ నేల భాష అది, మాకు అన్నం పెట్టిన భాష. దాని కింద ఇంగ్లీషు, ఉర్దూ, తమిళం, మరాఠీ, తెలుగు చిన్న అక్షరాలతో వేయండి. ఈ కోట కోసం చచ్చినవారూ, కట్టినవారూ, ఇందులో బేరాలు చేసినవారూ ఆ భాషలన్నీ మాట్లాడారు. స్థలం చాలకపోతే తెలుగును చివర పెట్టండి, ఏమీ అనుకోము. అసలు బోర్డే లేకపోవడమే మా బాధ.

బోర్డు పెట్టించండి. గోడ దారి గుర్తించండి. బహదూర్ ఖాన్ పేరు రాయించండి. మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నానని విసుక్కోకండి, ఒక్కసారైనా అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి. డబ్బు లేదంటే పేట వర్తకులం చందాలు వేసుకుంటాము, రాయి మేమే కొంటాము, చెక్కేవారి కూలీ మేమే ఇస్తాము. మీరు ఇవ్వవలసింది తేదీ వేసిన అనుమతి పత్రం ఒక్కటే.

ఇట్లు,
చిక్కపేట బట్టల వ్యాపారి ఒకరు, బెంగళూరు