పెళ్లి ప్రకటనల్లో రంగు తీసేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

టీనేజ్ ఆడపిల్లల దిగులు గురించి మీరు మొన్న ఆదివారం వేసిన కథనం చదివాను. అంతా ఫోన్ వల్లే, అమ్మానాన్నలు ఫోన్ లాక్కుంటే సరిపోతుందన్నట్టు తేల్చేశారు. ఫోన్‌ని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. ఇన్‌స్టాగ్రామ్ వల్ల ప్రతి ముగ్గురు టీనేజ్ అమ్మాయిల్లో ఒకరికి తన ఒంటి గురించిన బాధ ఇంకా పెరుగుతోందని ఫేస్‌బుక్ వాళ్లే లోపల రాసుకున్న కాగితాలు 2021లో బయటికొచ్చాయి కదా. కానీ పిల్ల చేతికి ఫోన్ రాకముందే ఒంటి గురించి, రంగు గురించి మాటలు ఇంట్లో మొదలైపోతున్నాయండీ, దాని గురించి మీ కథనంలో ఒక్క ముక్క లేదు.

నేను తణుకులో లేడీస్ టైలర్‌ని. కొలతలకి వచ్చిన పిల్ల పక్కన అమ్మో, పెద్దమ్మో, మేనత్తో ఉంటారు. నడుం చుట్టూ టేపు వేయడం ఆలస్యం, "దీని వయసులో నేను ఇందులో సగం కూడా లేను", "ఆ రంగు గుడ్డ వద్దులే, ఇంకా నల్లగా కనబడతావు", "ఇలా ఉంటే రేపు ఎవడు చేసుకుంటాడే" అని మొదలుపెడతారు. నవ్వుతూనే అంటారు, ప్రేమ లేక కాదు. పిల్లా నవ్వుతుంది. కానీ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోవడం టేపు పట్టుకున్న నాకు తెలుస్తుంది కదా. మర్నాడు ఒక్కతే వచ్చి, "ఆంటీ, చేతులు మణికట్టు దాకా పెట్టండి, ఒళ్లు కనబడకుండా లూజుగా కుట్టండి" అంటుంది. అదీ రోహిణీ కార్తె ఎండల్లో!

పదో తరగతి పిల్ల ఒకామె ఓణీల ఫంక్షన్‌కి కొలతలిచ్చి వెళ్లింది, ట్రయల్‌కి వచ్చేసరికి జాకెట్ వదులైపోయింది. "చెప్పగానే తగ్గిందండీ" అని వాళ్లమ్మ ఒకటే మురిసిపోవడం. రాత్రి అన్నం పూర్తిగా మానేసిందట, నించుంటే కళ్లు తిరుగుతున్నాయట. అసలే 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో దేశం మొత్తం మీద 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది, అలాంటి పిల్లల్ని తిండి మానేశారని మెచ్చుకుంటున్నాం. నెలసరి సరిగ్గా రాక, మొటిమలొచ్చి, గడ్డం మీద వెంట్రుకలు మొలిచి ఏడ్చే పిల్లల్ని పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమోనని డాక్టరుకి చూపించరు, పార్లర్‌కి పంపిస్తారు. ఇంక ఆ ఫంక్షన్ ఫ్లెక్సీ సంగతి చెప్పాలి, ఫొటోగ్రాఫర్ పిల్ల ముఖాన్ని ఎంత తెల్లగా చేశాడంటే పక్కనున్న సొంత తమ్ముడు ఎవరింటి పిల్లాడో అన్నట్టున్నాడు.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. ఆ కథనం వేసిన పేపర్లోనే, వెనక పెళ్లి ప్రకటనల పేజీలో, "తెల్లని, సన్నని వధువు కావలెను" అని ఎన్ని ఉన్నాయో చూసుకోండి. పిల్లలు ఆ పేజీ చూడరనుకుంటున్నారేమో. పేపరు మా షాపు బల్ల మీదే ఉంటుంది, బట్టలకి వచ్చి కూర్చున్న ఇంటర్ పిల్లలు పైకి చదువుతూ "నువ్వు పాసు, నువ్వు ఫెయిలు" అని ఒకళ్లనొకళ్లు ఆట పట్టించుకుంటారు. ఫెయిలైన పిల్ల కాసేపటికి మాట్లాడ్డం మానేస్తుంది. షాదీ డాట్ కామ్ వాళ్లు ఒంటి రంగుని బట్టి వెతికే ఫిల్టర్‌ని 2020లోనే తీసేశారు. ఫెయిర్ అండ్ లవ్లీ కూడా ఆ ఏడాదే గ్లో అండ్ లవ్లీ అయింది (మా వీధి కొట్లో ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతారు, అది వేరే సంగతి). మీరూ రంగు, ఒళ్లు మాటలున్న ప్రకటన తీసుకోబోమని చెప్పండి. చదువు, ఉద్యోగం, ఊరు రాసుకోనివ్వండి. డబ్బులు పోతాయనుకోకండి, సంబంధం కావాల్సినవాళ్లు ఆ ఒక్క మాట కోసం ప్రకటన మానుకోరు.

ఇంకొకటి. ఇలాంటి కథనం వేసినప్పుడు కింద టెలీ మానస్ నంబరు 14416 కూడా వేయండి, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది. 2022 నుంచి ఉంది, ఉచితం, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మా షాపుకొచ్చే తల్లుల్ని అడిగితే తెలిసినవాళ్లే కనబడలేదు. పెళ్లి ప్రకటనల్లో ఆ మాటలు తీసేస్తే మిగిలే జాగాలో వేసినా సరిపోతుంది.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
తణుకు