చీమే కదా అనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

పులుల గురించి, ఏనుగుల గురించి రాసినంతగా చీమల గురించి ఎవరూ రాయరు. అందుకే ఈ లేఖ.

హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవి ఎర్ర పీతలకు పేరు. ఓడల్లో వచ్చిన ఎల్లో క్రేజీ చీమలు అక్కడ కోటికి పైగా పీతలను చంపేశాయి. ఈ చీమ పొడవు 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అంతే. కుట్టదు. పీత కళ్ల మీద, కీళ్ల మీద ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతుంది. చూపు పోయిన పీత ఎటు పోవాలో తెలియక, ఒంట్లో తడి ఆరిపోయి చచ్చిపోతుంది. తలచుకుంటేనే మనసు కలుక్కుమంటుంది.

ఒక్కో పుట్టలో రాణులు చాలా ఉంటాయి. పక్క పుట్టతో కొట్లాట ఉండదు, అన్నీ కలిసి ఒకే మహా కాలనీ. వాటి ఆకలి తీర్చేది పొలుసు పురుగుల నుంచి వచ్చే తీపి ద్రవం. అందుకే ఆ పురుగులకు చీమలే కాపలా. పురుగులేమో చెట్ల రసం పీల్చేస్తాయి, ఆ తీపి పడ్డ ఆకులు నల్ల బూజుతో మసి పట్టినట్టు అయిపోతాయి. మొలకలను తినే పీతలు లేక అడవి రూపమే మారింది.

2016లో పొలుసు పురుగులను చంపే 2 మిల్లీమీటర్ల కందిరీగను మలేషియా నుంచి తెచ్చి వదిలారు. విషపు మందు చల్లడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. అసలు చీమ దిగకముందే ఆపాలి. మట్టితో వచ్చే మొక్కలను, కలపను రేవుల్లోనే గట్టిగా తనిఖీ చేయాలని మీ పత్రిక అడగాలి.

– ఒక పాఠకురాలు