‘తిమింగలం వాంతి’ అనే మాట మానుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

కోట్ల విలువైన ‘తిమింగలం వాంతి’ పట్టుబడిందన్న వార్తలు మన పత్రికల్లో తరచూ వస్తున్నాయి. ఆ పేరు సరికాదని, ఆ వస్తువుకు మన దగ్గర పాతకాలం నుంచే మంచి పేరు వాడుకలో ఉందని తెలియజేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

స్పెర్మ్ వేల్ అనే తిమింగలం తిన్న స్క్విడ్‌ అనే సముద్రజీవుల గట్టి ముక్కులు అరగక పేగుల్లో చేరినప్పుడు, వాటి చుట్టూ మైనంలాంటి ముద్ద కడుతుంది. అది మలంతోపాటే బయటపడుతుందని శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. తిమింగలాలను నూనె కోసం వేటాడిన రోజుల్లో చంపిన జంతువు పేగులు కోసి మరీ దీనికోసం వెతికేవారు. నూటికి ఏ ఒక్కదానిలోనో దొరికేది కనుకనే దీనికంత ధర పలికింది.

అరబ్బులు దీన్ని ‘అన్‌బర్’ అన్నారు, ఉర్దూ మీదుగా అది మనకు ‘అంబర్’ అయింది. వరంగల్ మండీబజారులో అత్తరు దుకాణదారుణ్ణి అంబర్ అడిగితే వెంటనే సీసా తీసి ముంజేతికి రాస్తాడు, అందులోది ఇప్పుడు చాలావరకు కృత్రిమ పరిమళమే అయినా పేరు మాత్రం మారలేదు. యునానీ హకీములిచ్చే ‘ఖమీరా గావ్‌జబాన్ అంబరీ’లోనూ ఈ మాటే ఉంది. ఆయుర్వేదంలోని రసశాస్త్రంలో ‘అగ్నిజారం’గా చెప్పినది ఇదేనని పలువురు వైద్యపండితులు అంటారు. అగ్నినక్రమనే జలచరపు మావిని సముద్రం బయటికి నెట్టేయగా, ఎండకు ఎండి అగ్నిజారమైందని ఆ శాస్త్రపు పాత గ్రంథం ‘రసరత్నసముచ్చయం’ వర్ణిస్తుంది. మావి అన్నది పొరపాటే కావచ్చు గానీ, ఒడ్డుకు కొట్టుకొచ్చి ఎండలో గట్టిపడే జంతుపదార్థమన్న గమనింపు ఎంతో నిశితమైనది.

ఉత్త ‘అంబర్’ అని రాస్తే మన ఊళ్లలో పొగాకు పొట్లమనుకుంటారు, చెట్టు జిగురు శిలగా మారిన పసుపురంగు పూసలనుకునేవారూ ఉంటారు. అందుకే ‘తిమింగలపు అంబరు’ అని రాస్తే ఏ తికమకా ఉండదు.

పేరుకన్నా నన్ను ఎక్కువగా బాధిస్తున్నది, శీర్షికల్లో కోట్ల అంకెలే కనబడుతూ చట్టం మాట వార్త చివరికైనా రాకపోవడం. తిమింగలాల వాణిజ్య వేటపై అంతర్జాతీయ నిషేధం 1986 నుంచి అమలులో ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం స్పెర్మ్ వేల్‌కు రక్షణ కల్పించింది కనుక దాని అంబరును కొనడం, అమ్మడం నేరం. సముద్రమే చూడని మన కుర్రాళ్లు ఆ ధర చూసి దళారుల వలలో పడకుండా, ఇకపై ఇలాంటి ప్రతి వార్తలోనూ ఈ సంగతిని మొదటి పేరాలోనే ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు, హనుమకొండ